ఇంటి లెక్క: బేరమాడని బేరగాడు

దీపావళి దగ్గరికొచ్చింది. కార్ఖానాల్లో బోనస్ మాటలు మొదలయ్యాయి. ఇళ్ళల్లో అటకలు దులుపుతున్నారు. పాత మిక్సీ, నడవని కూలర్, పిల్లలు ఎదిగిపోయాక మూలకు పడ్డ సైకిలు కనబడితే "ఎవరికన్నా అమ్మితే నాలుగు పైసలొస్తయి గదా" అనిపిస్తుంది. భంగార్‌వాలాకు ఇస్తే ఇనుము లెక్కన కిలోలు తూస్తాడు. అందుకని ఇప్పుడు అందరూ ఫోటో తీసి ఫోన్‌లో అమ్మకానికి పెడుతున్నారు. ఈ నెల మన లెక్క దాని గురించే.

ముందే చెప్తున్నా, ఈసారి ఇంకొకరి ఇంటి కథ కాదు, నాదే. రాయాలా వద్దా అని రెండు నెలలు ఆగాను. ప్రతి నెలా మీకు లెక్కలు చెప్పే మనిషి తన లెక్కే తప్పిందని ఒప్పుకోవడం సులువు కాదు. చివరికి మా ఇంటాయనే "రాయి. మనయి ఎట్లాగూ పోయినయి. ఇంకో ఇంట్ల పోకుంటే చాలు" అన్నాడు.

మా ఇంట్లో కాలుతో తొక్కే కుట్టుమిషన్ ఉండేది. షోలాపూర్‌లో మన ఆడవాళ్ళ బతుకు మీకు తెలిసిందే, పగలు బీడీలు, రాత్రి మిషన్. పదకొండేళ్ళు దాని మీద జాకెట్లు కుట్టాను, చీరలకు ఫాల్స్ వేశాను, టవళ్ళ అంచులు మడిచాను. ఈమధ్య కళ్ళు ఆనడం లేదు. దారం సూదిలోకి ఎక్కించడానికి బిడ్డను పిలవాల్సి వస్తోంది. అదే సమయానికి బిడ్డ డిప్లొమా రెండో ఏడు ఫీజు కట్టాలి, 22,000. భిశీ ఎత్తిన 18,000 నా ఖాతాలో ఉన్నాయి. నాలుగు వేలు తక్కువ. మిషన్ అమ్మితే సరిపోతుందనుకున్నాం. భంగార్‌వాలా 700 అన్నాడు. బిడ్డ ఆదివారం సాయంత్రం మంచి ఫోటో తీసి, 4,500 అని రాసి పెట్టింది.

సోమవారం పొద్దున పదకొండుకు ఫోన్ మోగింది. బిడ్డ కాలేజీలో, ఆయన కార్ఖానాలో. నేనొక్కదాన్నే, ఒళ్ళో చాట, చాటలో తంబాకు. అవతల మనిషి హిందీలో "మాతాజీ, నమస్తే" అన్నాడు. తాను ఫౌజ్‌లో పని చేస్తానని, బదిలీ మీద ఈ ఊరికి వచ్చానని, మిషన్ తన భార్యకు కావాలని చెప్పాడు. ధర అడిగాడు. నాలుగున్నర అన్నాను. "సరే మాతాజీ" అన్నాడు. ఒక్క రూపాయి తగ్గించమనలేదు. మిషన్ ఏ కంపెనీది, ఎన్నేళ్ళది, బాబిన్ సరిగ్గా తిరుగుతుందా, ఏమీ అడగలేదు. యూనిఫాంలో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో పంపాడు. సాయంత్రం తమ బండి వచ్చి మిషన్ ఎత్తుకుపోతుందని, డబ్బు మాత్రం ఇప్పుడే వేస్తానని అన్నాడు.

అప్పుడు నాకు అనుమానం రాలేదు సరికదా, గౌరవం కలిగింది. ఎండలో, మంచులో కాపలా కాసే పిల్లగాడు కదా, పైగా బేరం కూడా ఆడలేదు, ఎంత మంచివాడో అనుకున్నాను.

"ఫౌజ్ ఖాతాల పద్ధతి వేరు మాతాజీ. నేను ఒక కోడ్ పంపుతా. మీరు స్కాన్ చేస్తే డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ముందు ఐదు రూపాయలతో పరీక్ష చేద్దాం. మీవి ఐదు పోతాయి, నేను పది వేస్తా" అన్నాడు. వాట్సాప్‌లో నల్లగళ్ళ కోడ్ వచ్చింది. ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని పక్కన కూర్చున్నట్టు చెప్తూనే ఉన్నాడు. పిన్ కొట్టాను. ఐదు పోయాయి. నిమిషంలో పది వచ్చాయి. ఆ పది రూపాయలతో నా నమ్మకం కొన్నాడు.

తర్వాత 4,500 కోడ్ వచ్చింది. పిన్ కొట్టాను. బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది. అందులో 4,500 అన్న అంకె కనబడింది, వచ్చాయనుకున్నాను. వాడే "అరెరె మాతాజీ, ఉల్టా అయింది, మీ ఖాతాలోంచి కట్ అయినట్టుంది. భయపడకండి. మీ నాలుగున్నర, మిషన్‌వి నాలుగున్నర కలిపి తొమ్మిది వేల కోడ్ పంపుతా. వెంటనే చేస్తే రెండూ వచ్చేస్తాయి" అన్నాడు. నా చేతులు వణికాయి. పోయినవి తిరిగి రావాలి, అంతే, ఇంకేమీ తోచలేదు. పిన్ కొట్టాను. తొమ్మిది వేలు పోయాయి.

అప్పుడు 13,500 కోడ్ పంపాడు. ఖాతాలో అంత డబ్బు లేదని ఫోనే చెప్పింది. మిగిలింది 4,505. అది విన్నాక వాడు ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్తున్నా, నన్ను ఆపింది నా తెలివి కాదు, ఖాతాలో డబ్బు అయిపోవడం. మిషన్ మాత్రం మూలన అట్లాగే ఉంది.

తర్వాత చాలా ఆలోచించాను. మొదటి 4,500 మోసంతో పోయింది. రెండోసారి తొమ్మిది వేలు మాత్రం కంగారుతో పోయాయి. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రం మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తుంది. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా ఇక్కడే పడిపోతారు.

ఇక అసలు తప్పు చెప్తా. డబ్బు పోవడం కంటే అదే పెద్దది. నేను ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం బిడ్డ వచ్చి "అమ్మా, మిషన్ ఎవరన్నా అడిగిన్రా?" అంది. "లేదు" అన్నాను. ఆయన అన్నం తింటూ "ఫీజు ఎప్పుడు కట్టాలె?" అన్నాడు. "ఇంకా టైముంది" అన్నాను. నాలుగు రాత్రులు నిద్ర లేదు. బీడీల కట్టలు లెక్క తప్పుతుంటే కార్ఖానాలో మాట పడ్డాను. వాళ్ళ నాన్న పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన డబ్బు, చాట ముందు నా నడుము విరిగిన డబ్బు, ఒక గొంతు విని ఇచ్చేశానని ఏ నోటితో చెప్పను? ఇంకొకటి కూడా ఉంది. చెప్తే బిడ్డ తనదే తప్పనుకుంటుంది, ఫోటో పెట్టింది అదే కదా అని.

శుక్రవారం రాత్రి ఆయనే పట్టుకున్నాడు. "ఏమైంది నీకు? పాణం బాగలేదా?" అన్నాడు. అంతే, ఏడ్చేశాను. అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అన్నాడు: "సాంచా మీద పోగు తెగితే ఏం చేస్తం? వెంటనే ఆపుతం. తెగిందని దాచిపెట్టి నడిపిస్తే తాను మొత్తం ఖరాబైతది. పోగు తెగుడు తప్పు గాదు. దాచుడు తప్పు."

అప్పుడే బిడ్డ 1930కి ఫోన్ చేసింది. సైబర్ మోసంలో డబ్బు పోయినవాళ్ళ కోసం దేశమంతటికీ ఉన్న నంబర్ అది. వాళ్ళు ఓపికగానే విన్నారు. ఏ రోజు, ఎన్నింటికి, ఎంత, ఏ ఖాతా నుంచి, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబర్ ఎంత అని అడిగి ఫిర్యాదు రాసుకున్నారు, దానికో నంబర్ ఇచ్చారు. "ఆ రోజే చేసి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. మన దగ్గర పోయిన డబ్బు ఆ దొంగ ఖాతాలో కూర్చోదట. గంటల్లో రెండో ఖాతాకు, మూడో ఖాతాకు పోతుంది, ఎక్కడో ఏటీఎంలో నోట్లయి బయటికొస్తుంది. మధ్యలో ఆపగలిగితేనే దొరుకుతుంది. నావి దొరకలేదు. ఇప్పటికీ రాలేదు.

బ్యాంకుకు కూడా పోయాం. "పిన్ మీరే కొట్టారు కదా" అన్నారు. రిజర్వ్ బ్యాంక్ 2017లో ఒక నియమం ఇచ్చింది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడో మనిషి మోసంతో డబ్బు పోతే, బ్యాంకు సమాచారం వచ్చాక మూడు పని దినాల్లో చెప్తే మన మీద భారం పడదని అందులో రాశారు. కానీ మన పిన్, ఓటీపీలాంటివి మన అజాగ్రత్త వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదేనని రాశారు. చెప్పిన తర్వాత జరిగేది మాత్రం బ్యాంకుదని రాశారు. కాబట్టి ఎట్లా చూసినా మొదట చెప్పడమే లాభం.

దీనికి పక్కనే ఇంకో ఇంటి సంగతి పెడతాను. మా వెనక వరసలో ఒక చెల్లె పాత ఫ్రిజ్ అమ్మకానికి పెట్టింది. సరిగ్గా ఇదే ఆట, 8,000 పోయాయి. కానీ ఆమె ఏడుస్తూనే వాకిట్లోకి వచ్చి చెప్పేసింది. నాది అప్పటికే వాడ మొత్తం తెలుసు కాబట్టి మా బిడ్డ పరుగెత్తి అరగంటలోపే 1930కి చేయించింది. 8,000లో 5,000 ఒక ఖాతాలో ఆగిపోయాయి. చేతికి ఇంకా రాలేదు, దానికి కాగితాలు, తిరుగుడు ఉన్నాయి. అయినా దొంగ చేతికైతే పోలేదు. ఆమె నాకంటే తెలివైనదని కాదు. సిగ్గుపడకుండా అరిచింది, అంతే తేడా.

ఇప్పుడు పండుగ ముందు అమ్మబోయేవాళ్ళకు నేను నేర్చుకున్న లెక్క.

ఒకటి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇది గోడ మీద రాసిపెట్టుకోండి. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదంటే మన ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికి. మనకు రావాల్సిన డబ్బుకు పిన్ ఎవరడిగినా వాడు దొంగ. కోడ్ స్కాన్ చేయడం కూడా అంతే. కిరాణా కొట్టులో మనం కొట్టువాడి కోడ్ స్కాన్ చేస్తే డబ్బు ఎవరికి పోతుంది? కొట్టువాడికి. స్కాన్ చేసేవాడు ఇచ్చేవాడు, కోడ్ చూపించేవాడు తీసుకునేవాడు. అమ్మేది మనమైతే కోడ్ మనది చూపించాలి. పిన్ అడిగే ముందు ఫోన్ తెర మీద ఎవరికి, ఎంత పంపుతున్నామో రాసి ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే అక్కడ ఆగి, చదివేవాళ్ళను పిలవండి.

ఫోన్‌లో "ఇంత డబ్బు ఇవ్వండి" అని మనిషి నుంచి మనిషికి వచ్చే రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయాలని యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. మంచిదే. కానీ కోడ్ ఆట దాంతో ఆగదు. మన వేలు మన చేతిలోనే ఉండాలి.

రెండు. నిజంగా కొనేవాడు వంకలు పెడతాడు. మన మార్కెట్‌లో చద్దర్ కొనేవాళ్ళను చూడండి. విప్పి చూస్తారు, వెలుతురుకు పట్టి చూస్తారు, అంచు గుంజుతారు, "రంగు పోతదా?" అంటారు, చివరికి సగం ధర అడుగుతారు. వాళ్ళ సొంత డబ్బు కాబట్టి. వస్తువు చూడకుండా, ధర తగ్గించకుండా, ముందే డబ్బు వేస్తానని తొందరపెట్టేవాడికి వస్తువుతో పనిలేదు. ఫౌజీలను అనడం లేదు నేను. వాళ్ళ యూనిఫాంను, వాళ్ళ ఫోటోను దొంగిలించిన వాళ్ళను అంటున్నా. ఆ కార్డు ఎవరి నుంచో కొట్టేసింది, లేదా తయారు చేసింది.

మూడు. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. మా కార్ఖానాలో ఒక తమ్ముడు పాత ఫోన్ అమ్మాడు. కొన్నవాడు ఎదురుగానే నిలబడి "పంపిన, చూడు" అని పచ్చ టిక్కు ఉన్న తెర చూపించాడు. బ్యాంకు మెసేజ్ లాంటిది కూడా వచ్చింది. ఫోన్ ఇచ్చేశాడు. ఖాతా చూస్తే ఏమీ లేదు. ఆ మెసేజ్ మామూలు పది అంకెల నంబర్ నుంచి వచ్చింది. బ్యాంకులు అట్లా పంపవు. అందుకని మన ఖాతా మనం తెరిచి, డబ్బు లెక్కలో పెరిగిందని చూసుకున్నాకే వస్తువు చేతికివ్వాలి. "సర్వర్ స్లో ఉంది, పడతాయి" అంటే, "పడ్డాక తీసుకపో అన్నా, కూసో, చాయ్ తాగు" అనండి. నిజమైనవాడు కూర్చుంటాడు.

నాలుగు. "పొరపాటున ఎక్కువ వేసిన, మిగతాది తిరిగి పంపండి" అంటే పంపొద్దు. చాలాసార్లు అసలు ఏమీ వేసి ఉండడు, ఉత్త మెసేజ్ మాత్రమే. నిజంగా పడినా సరే, మీరు పంపకండి. బ్యాంకుకు పోయి వాళ్ళ ద్వారా వెనక్కి పంపించమనండి. అట్లాగే "సామాను తీసుకుపోవడానికి కొరియర్ చార్జీ ముందు మీరు కట్టండి, తర్వాత కలిపి ఇస్తా" అన్నా అది మోసమే. అమ్మేవాడి జేబులోంచి డబ్బు బయటికి పోయే అమ్మకం ఎక్కడైనా ఉంటుందా?

ఐదు. లింకు పంపి ఏదైనా యాప్ వేసుకోమంటే వద్దు. కొన్ని యాప్‌లు వేస్తే మన ఫోన్ తెర వాళ్ళకు కనబడుతుంది, మనకొచ్చే ఓటీపీ వాళ్ళు చదువుకుంటారు. మాట కలిపి వాట్సాప్‌కు రమ్మనడం, ఫోన్ పెట్టెయ్యనివ్వకపోవడం, ఇవన్నీ మనకు ఆలోచించే సందు లేకుండా చేయడానికే. అనుమానం వస్తే ఒకే మందు, ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్ళకు చెప్పడం. పది నిమిషాల్లో మంచి బేరం ఎక్కడికీ పోదు.

ఆరు. అమ్మితే పగటిపూట, నలుగురు తిరిగే చోట, ఇంటి నుంచి ఇంకో మనిషిని తోడు పెట్టుకొని అమ్మండి. పెద్ద సామాను కోసం ఇంటికి రావాల్సి వస్తే మగవాళ్ళో పక్కింటివాళ్ళో ఉన్నప్పుడు రమ్మనండి. నోట్లు అక్కడే లెక్కపెట్టండి. ఫోన్ అమ్మితే సిమ్, మెమరీ కార్డు తీసి, అందులో మీ ఖాతాలన్నీ బయటికి తీసి, మొత్తం తుడిచేసి ఇవ్వండి. బండి అమ్మితే డబ్బుతో పని అయిపోలేదు. ఆర్టీవోలో ఫారం 29, ఫారం 30 పెట్టి కొన్నవాడి పేరు మీదికి మార్పించాలి. కాగితంలో మన పేరు ఉన్నంతకాలం ఆ బండి యాక్సిడెంట్ చేస్తే నష్టపరిహారం బాధ్యత మన మీదికే వస్తుంది.

ఇంత చెప్పినా పోయాయనుకోండి. అప్పుడు మూడే పనులు, ఇదే వరసలో. ముందు 1930. నిమిషం కూడా ఆగొద్దు. రెండోది బ్యాంకు, ఖాతా నుంచి ఇంకేమీ పోకుండా ఆపమనాలి. మూడోది సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు. అది రాయడం రాకపోతే దగ్గర్లోని పోలీస్ ఠాణాకు పోండి. వాడి మెసేజ్‌లు, కోడ్, నంబర్ ఏదీ తుడిచెయ్యొద్దు. కోపంతో నేను వాడి మెసేజ్‌లన్నీ తీసేశాను, తర్వాత చూపించడానికి ఏమీ లేకపోయింది. ఇంకొక మాట. "నీ డబ్బు వెనక్కి తెప్పిస్తా, వెయ్యి రూపాయలు ఖర్చవుతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే వాడు రెండో దొంగ.

ఇంట్లో మగవాళ్ళకు కూడా ఒక మాట. మీ ఇంటి ఆడమనిషో, ముసలి తండ్రో, కొడుకో వచ్చి "డబ్బు పోయింది" అంటే తిట్టడం రేపటికి పెట్టుకోండి. ఈ రోజు ఫోన్ చేయండి. తిడతారన్న భయమే నాలుగు రోజులు నా నోరు మూసింది. వాడికి నేనిచ్చింది డబ్బు ఒక్కటే కాదు, ఆ నాలుగు రోజుల టైము కూడా.

మిషన్ ఏమైందని అడుగుతారు. కుంభారి నుంచి ఒక ఆమె వచ్చింది, మా బచత్ గట్‌లో ఒకరు చెప్తే. కూర్చొని తొక్కి చూసింది. గుడ్డ ముక్క పెట్టి కుట్టు చూసింది. "బాబిన్ కేసు అరిగింది వదినా, పట్టా కూడా మార్చాలె" అంది. 3,200 అడిగింది. నేను నాలుగు వేలన్నా. గంటసేపు బేరమాడి 3,800 దగ్గర ఆగాం. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, ఆటోలో ఎక్కించుకొని పోయింది. ఆమె వంకలు పెడుతుంటే నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

బిడ్డ ఫీజు కట్టాం. ఖాతాలో మిగిలిన 4,505, మిషన్ డబ్బు 3,800, మిగతాది ఆయన మాలిక్ దగ్గర అడ్వాన్స్ తెచ్చిన 14,000. వారానికి 500 చొప్పున పగారులోంచి కోస్తున్నారు, 28 వారాలు. ఎనిమిది అయ్యాయి, ఇంకా ఇరవై ఉన్నాయి. ప్రతి వారం ఆ 500 తక్కువ వచ్చినప్పుడు ఆయన నా వైపు చూడకుండా డబ్బు అలమారలో పెడతాడు. ఆ చూడకపోవడం నాకోసమేనని నాకు తెలుసు.

ఈ పేజీ చదివాక ఇంట్లో ఫోన్ వాడే అందరికీ ఒకసారి చదివి వినిపించండి. ముఖ్యంగా పగటిపూట ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళకు. మీకూ ఇట్లాంటిది జరిగి ఉంటే రాయండి, పేరు వేయం. వచ్చే నెల బోనస్ డబ్బు లెక్క చూద్దాం.